పాము కంట్లో ఫొటో నుంచి రేచీకటి దాకా: మనకి చూపునిచ్చే ఒక్క అణువు కథ

 

పాత సినిమాల్లో ఈ సీన్ మీరు చూసే ఉంటారు. ఎవడో నాగుపాముని చంపేస్తాడు. దాని జంట పాము వచ్చి, చచ్చిన పాము కళ్లలోకి చూస్తుంది. అక్కడ హంతకుడి ఫొటో, క్లియర్‌గా, మీసాలతో సహా. ఇంక పగ స్టార్ట్. ఊళ్లల్లో ఇప్పటికీ పాముని చంపితే తల కాల్చేయమని చెప్పే పెద్దవాళ్లు ఉన్నారు, ఎందుకంటే "ఫొటో మిగిలిపోతుంది" అని.

ఇది ఉత్త కథ అని నవ్వేసి వెళ్లిపోవచ్చు. కానీ ఒక్క నిమిషం ఆగండి. 1870ల చివర్లో జర్మనీలోని హైడెల్బర్గ్‌లో విల్‌హెల్మ్ క్యూనె అనే సైంటిస్టు చచ్చిన జంతువు కంట్లోంచి నిజంగానే ఒక బొమ్మ తీశాడు. జోక్ కాదు.

ఆయన చేసింది ఇదీ. ఒక కుందేలుని కాసేపు చీకట్లో ఉంచాడు. తర్వాత ఊచలున్న కిటికీ వైపు దాని తల తిప్పి కొన్ని నిమిషాలు కదలకుండా పట్టుకున్నాడు. వెంటనే చంపి, కంటి వెనక ఉండే రెటీనా పొరని తీసి పటిక ద్రావణంలో ఉంచాడు. ఆ పొర మీద కిటికీ కనిపించింది, ఊచలతో సహా. దాన్ని ఆప్టోగ్రామ్ అన్నారు.

మరి పాము కథ నిజమేనా? కాదు. కుందేలు దగ్గర బొమ్మ రావాలంటే తల కదలకూడదు, ఎదురుగా బాగా వెలుతురున్న వస్తువు ఉండాలి, చావగానే కన్ను కోసి మందులో ముంచాలి. 1880లో మరణశిక్ష పడిన ఒక మనిషి కంట్లో కూడా క్యూనె వెతికాడు. ఏదో ఆకారం కనిపించింది గానీ అదేంటో ఆయనకే అర్థం కాలేదు. పైగా బొమ్మ ఉండేది రెటీనా మీద, కంటి లోపల. జంట పాము పైనుంచి చూస్తే ఏం కనపడదు పాపం.

కానీ అసలు ప్రశ్న వేరే. కంట్లో బొమ్మ ఎలా పడింది? కంట్లో ఫిల్మ్ రీల్ లేదు కదా.

దీనికి జవాబు అంతకుముందే, 1876లో దొరికింది. రోమ్‌లో పనిచేస్తున్న ఫ్రాంజ్ బోల్ అనే ఆయన కప్ప కంటిని కోసి చూస్తే, చీకట్లో ఉంచిన కప్ప రెటీనా ఎర్రగా ఉంది. వెలుతురులో పెడితే ఆ ఎరుపు కళ్ల ముందే వెలిసిపోయింది. అంటే రెటీనాలో వెలుగు తగిలితే మారిపోయే ఒక రంగు పదార్థం ఉంది. దాని పేరే రొడాప్సిన్. ఈ రోజు మన హీరో ఇదే. దీని కథ తెలిస్తే మీ ఫోన్ స్క్రీన్ ఎందుకు అలా ఉందో, అర్ధరాత్రి రీల్స్ చూస్తే నిద్ర ఎందుకు పట్టదో, ఊళ్లో కొందరు చీకటి పడగానే గడప ఎందుకు దాటరో, అన్నీ ఒకే తాడుతో కట్టినట్టు అర్థమవుతాయి.

సరే, రొడాప్సిన్‌లో రెండు భాగాలు. ఒకటి ఆప్సిన్ అనే ప్రోటీన్. కణం పొరలోంచి పైకీ కిందకీ ఏడుసార్లు వెళ్లొచ్చే పెద్ద ప్రోటీన్ ఇది. రెండోది దాని మధ్యలో ఇరుక్కుని కూర్చున్న రెటినాల్ అనే చిన్న అణువు. ఈ రెటినాల్ మనకి విటమిన్ ఏ నుంచి వస్తుంది.

చీకట్లో ఈ రెటినాల్ వంగి ఉంటుంది, మోకాలు ముడుచుకుని కూర్చున్నట్టు. ఒక్క ఫోటాన్, అంటే వెలుగులో అతి చిన్న తునక, వచ్చి తగిలిందనుకోండి. అది టక్కున కాళ్లు చాపేస్తుంది. అంతే. చూపు అనే మొత్తం వ్యవహారంలో వెలుగు చేసే పని ఇదొక్కటే. మిగతాదంతా కెమిస్ట్రీ, కరెంటు.

ఈ కాళ్లు చాపడం ఎంత ఫాస్ట్ అంటే, ఒక సెకన్‌ని ఐదు లక్షల కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క. సుమారు 200 ఫెమ్టో సెకన్లు.

రెటినాల్ కాళ్లు చాపగానే చుట్టూ ఉన్న ఆప్సిన్ ఆకారం మారిపోతుంది. అది పక్కనున్న ఇంకో ప్రోటీన్లని లేపుతుంది, అవి ఇంకో ఎంజైముని లేపుతాయి, అది కణంలో ఉన్న వేలకొద్దీ చిన్న అణువుల్ని విరగ్గొట్టేస్తుంది. ఊళ్లో పుకారు పాకినట్టే, ఒకరు నలుగురికి, ఆ నలుగురు నలభై మందికి. అందుకే ఒక్క ఫోటాన్‌కి కూడా కణం స్పందించగలదు. ఊరికే అనడం లేదు. 1942లో హెక్ట్, ష్లేర్, పిరెన్ అనే ముగ్గురు మనుషుల మీదే ప్రయోగం చేశారు. చిమ్మచీకట్లో 5 నుంచి 14 ఫోటాన్లు రెటీనాలో పీల్చుకుంటే చాలు, "ఏదో మెరిసింది" అని మనిషి చెప్పగలడని తేల్చారు.

ఇక్కడ నాలోని సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌కి బాగా నచ్చిన ట్విస్ట్ ఒకటుంది. వెలుగు పడితే కంటి కణం సిగ్నల్ పంపుతుంది అనుకుంటాం కదా? రివర్స్. చీకట్లో ఆ కణం ఆపకుండా వాగుతూనే ఉంటుంది. వెలుగు పడితే నోరు మూసుకుంటుంది. ఆ మౌనమే మెసేజ్. సర్వర్లు మానిటర్ చేసేవాళ్లకి ఇది వెంటనే ఎక్కుతుంది. ప్రతి క్షణం "ఉన్నా, ఉన్నా" అని చెప్పే సర్వర్ సడెన్‌గా ఆగిపోతే అలర్ట్ వస్తుంది చూశారా, అచ్చం అలాగే.

ఇప్పుడు సినిమా హాల్‌కి పోదాం. ఆట మొదలయ్యాక లోపలికి వెళ్తే ఏమీ కనిపించదు. నలుగురి కాళ్లు తొక్కి, సారీ చెప్పుకుంటూ సీటు వెతుక్కుంటాం. కాసేపటికి అంతా కనిపిస్తుంది. ఎందుకు? బయట ఎండలో మన రొడాప్సిన్‌లో చాలా భాగం వెలిసిపోయింది. కాళ్లు చాపేసిన రెటినాల్ మళ్లీ తనంతట తాను వంగలేదు. అది రెటీనా వెనకున్న ఇంకో పొరకి వెళ్లి, అక్కడ రిపేరై, వంగి తిరిగి రావాలి. ఈ సర్వీసింగ్ పూర్తవడానికి అరగంట పైనే పడుతుంది. ఈ రిపేర్ షాపులో RPE65 అని ఒక ముఖ్యమైన ఎంజైము ఉంటుంది. సారీ, ఆర్‌పీఈ65 అని తెలుగులోనే రాద్దాం. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

రొడాప్సిన్ ఉండేది రాడ్ కణాల్లో. ఇవి ఒక్కో కంట్లో తొమ్మిది నుంచి పన్నెండు కోట్ల దాకా ఉంటాయి. మసక వెలుతురులో పని వీటిదే, రంగులు మాత్రం చెప్పలేవు. రంగులకి కోన్ కణాలు. అవి యాభై, అరవై లక్షలు. కోన్లలో కూడా అదే రెటినాల్! కానీ చుట్టూ ఉన్న ఆప్సిన్ కొంచెం కొంచెం తేడా. ఆ తేడా వల్ల ఒక రకం నీలం వైపు, ఒకటి ఆకుపచ్చ వైపు, ఒకటి ఎరుపు వైపు ఎక్కువ స్పందిస్తాయి. మీ ఫోన్ స్క్రీన్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడే రంగుల చుక్కలు ఎందుకు? ప్రపంచంలో మూడే రంగులున్నాయని కాదు, మన కంట్లో మూడు రకాల కోన్లున్నాయని. స్క్రీన్ మీద మీరు చూసే పసుపులో పసుపు వెలుగే లేదు. ఎరుపు, ఆకుపచ్చ కలిపి మీ కంటిని నమ్మిస్తున్నారు, అంతే. పక్షులకి నాలుగు రకాల కోన్లు. కాబట్టి చిలక కళ్లతో చూస్తే, మన చిలక ఫొటోలో రంగు తేడాగానే ఉంటుంది.

ఇంట్లోనే చేసుకునే ఒక చిన్న ప్రయోగం చెప్తాను. పెరట్లో ఎర్ర మందారం ఉంటే పగలు చూడండి. ఎర్రగా, ఆకులకంటే ధగధగలాడుతూ ఉంటుంది. పొద్దు గుంకాక, లైట్లు వేయకుండా మళ్లీ చూడండి. పువ్వు నల్లబడిపోతుంది, ఆకులే తెల్లగా తేలినట్టు కనిపిస్తాయి. ఎందుకంటే డ్యూటీ కోన్ల నుంచి రాడ్లకి మారింది, రాడ్లకి ఎరుపు దాదాపు కనపడదు. దీన్ని 19వ శతాబ్దంలో చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే గమనించాడు. ఆయన పేరుతోనే పిలుస్తారు.

ఓకే. ఇప్పుడు నిద్ర సంగతి.

నేను ఉద్యోగం చేసేటప్పుడు రెండేళ్లు నైట్ షిఫ్ట్. పొద్దున ఆరింటికి క్యాబ్ దిగితే సూర్యుడు ఎదురు. ఒళ్లంతా అలసట, కానీ పడుకుంటే నిద్ర రాదు. అప్పట్లో స్ట్రెస్ అనుకునేవాణ్ని. అందులో కొంత మన కంట్లోనే ఉన్న మూడో రకం సెన్సార్ పని అని తర్వాత చదివాకే తెలిసింది.

1998లో ఇగ్నాసియో ప్రొవెన్సియో బృందం కప్ప చర్మంలోని రంగు కణాల్లో ఒక కొత్త ఆప్సిన్‌ని కనిపెట్టింది. పేరు మెలనాప్సిన్. చర్మంలో! తర్వాత అదే మనుషుల రెటీనాలో కూడా దొరికింది. రాడ్లలో కాదు, కోన్లలో కాదు, మెదడుకి వైర్లు పంపే గ్యాంగ్లియాన్ కణాల్లో కొన్నిట్లో. 2002లో ఆ కణాలు సొంతంగానే వెలుగుని గుర్తిస్తాయని రుజువైంది. ఇవి మనకి బొమ్మలు చూపించవు. "బయట పగలా, రాత్రా" అని మెదడులోని గడియారానికి రిపోర్ట్ చేస్తాయి. వెలుగుందని ఇవి చెప్తే, రాత్రి అని ఒంటికి చెప్పే మెలటోనిన్ హార్మోన్ తగ్గిపోతుంది. ఇవి ఎక్కువగా స్పందించేది నీలి వెలుగుకి.

దీనికి గట్టి సాక్ష్యం ఎక్కడుందో తెలుసా? పూర్తిగా చూపు లేని కొందరిలో. 1995లో వచ్చిన ఒక స్టడీలో, వెలుగు ఉందో లేదో కూడా చెప్పలేని కొంతమంది అంధుల కళ్ల మీద వెలుగు వేస్తే వాళ్ల మెలటోనిన్ పడిపోయింది. కన్ను చూడలేదు, కానీ పగలని గుర్తుపట్టింది.

సో, రాత్రి ఫోన్ గురించి నా మాట సింపుల్. స్క్రీన్‌ని పసుపు మోడ్‌లో పెట్టేసి రెండింటి దాకా చూస్తే సరిపోదు. ఎంత వెలుతురు, ఎంతసేపు, ఏ టైంలో అన్నది ముఖ్యం. బ్రైట్‌నెస్ తగ్గించండి, టైం తగ్గించండి. దాంతో పాటు పొద్దున కాసేపు ఆరుబయట వెలుతురులో నిలబడండి. గడియారానికి పగలంటే ఏంటో గట్టిగా తెలిస్తేనే రాత్రి సంగతి తెలుస్తుంది.

ఇప్పుడు ఈ ఎపిసోడ్ చేయడానికి అసలు కారణానికి వస్తాను. రేచీకటి.

రెటినాల్ విటమిన్ ఏ నుంచి వస్తుందని చెప్పా కదా. జార్జ్ వాల్డ్ 1933లో రెటీనాలో విటమిన్ ఏ ఉందని కనిపెట్టాడు, 1967లో ఇంకో ఇద్దరితో కలిసి నోబెల్ అందుకున్నాడు. ఒంట్లో విటమిన్ ఏ అయిపోతే ముందు దెబ్బతినేది రాడ్లే. పగలు బానే ఆడుకునే పిల్లాడు చీకటి పడగానే తడుముకుంటాడు. అది ముదిరితే నల్లగుడ్డు ఎండి, మెత్తబడి, కన్నే పోతుంది. మన దేశంలో ఒకప్పుడు ఎందరో పిల్లలు అలా చూపు పోగొట్టుకున్నారు.

దీని మీద పెద్ద పని జరిగింది మన హైదరాబాద్‌లోనే, తార్నాక దగ్గరున్న జాతీయ పోషకాహార సంస్థలో. విటమిన్ ఏ లివర్‌లో నిల్వ ఉంటుంది కాబట్టి, పెద్ద డోసు ఒకేసారి నోట్లో వేస్తే నెలల తరబడి కాపాడుతుందా అని అక్కడివాళ్లు ఫీల్డులో పరీక్షించారు. ఆ పని ఆధారంగా 1970లో దేశమంతా పిల్లలకి విటమిన్ ఏ చుక్కలు వేసే కార్యక్రమం మొదలైంది. మీకు చిన్నప్పుడు అంగన్‌వాడీలో చెంచాతో పసుపు రంగు మందు పోశారా? అదే ఇది. ఇప్పుడు తొమ్మిదో నెల నుంచి ఐదేళ్ల దాకా మొత్తం తొమ్మిది డోసులు. మీ ఇంట్లో చిన్నపిల్లలుంటే కార్డులో చూడండి, అన్నీ పడ్డాయో లేదో.

తిండిలో అయితే మునగాకు, తోటకూర, పాలకూర, బొప్పాయి, మామిడిపండు, క్యారెట్, గుడ్డు. ఆకుకూరకి కాస్త నూనెతో పోపు వేయండి, ఇది నూనెలో కరిగే విటమిన్. కానీ మాత్రలు మాత్రం సొంతంగా మింగొద్దు. విటమిన్ ఏ ఎక్కువైతే విషమే, గర్భిణులకి మరీ ప్రమాదం. ఇంకోటి, క్యారెట్లు తింటే కళ్లజోడు ఊడిపోదు. అది వేరే సమస్య.

మరి అన్ని రేచీకట్లూ ఆకుకూరలతో పోతాయా? పోవు. ఇది చెప్పాలనే ఇంత దూరం తీసుకొచ్చాను.

మా మేనత్త కొడుకు, నాకు బావ. ఇంటర్ చదివేటప్పటి నుంచి చీకటి పడితే కాలు గడపకి కొట్టుకునేవాడు. పెళ్లిళ్లలో పక్కన పెట్టిన గ్లాసు తన్నేసేవాడు. "చూసి నడవలేవా", "తాగొచ్చావా" అనేవాళ్లు. మా అత్తయ్య రోజూ క్యారెట్ జ్యూస్, మునగాకు పప్పు. ఏళ్ల తరబడి. ఏం మారలేదు. చివరికి బైక్ మీద పక్కనుంచి వచ్చిన ఆటో కనపడక పడ్డాక, కంటి డాక్టరు రెటీనా చూసి చెప్పారు: రెటినైటిస్ పిగ్మెంటోసా.

అంటే ఏంటి? ఇక్కడ విటమిన్ కొరత లేదు. జన్యువులో తప్పు. రొడాప్సిన్ జన్యువులోనే తప్పుండి ఈ జబ్బు రావచ్చని 1990లో తేలింది. ఆ తర్వాత ఇలాంటి జన్యువులు పదుల సంఖ్యలో దొరికాయి. రాడ్లు ఒక్కొక్కటిగా చనిపోతాయి. ముందు రాత్రి చూపు, తర్వాత పక్క చూపు. గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో మాత్రమే మిగులుతుంది. అందుకే ఎదురుగా ఉన్న పేపర్ చదివే మనిషి పక్కనున్న స్టూల్‌ని గుద్దుకుంటాడు, చూసేవాళ్లకి అది నాటకంలా ఉంటుంది.

దీనిలో కొన్ని రకాలు అమ్మానాన్న ఇద్దరి నుంచీ తప్పు జన్యువు వస్తేనే బయటపడతాయి. మేనరికాల్లో ఆ అవకాశం పెరుగుతుంది. మా అత్తయ్యది మేనరికమే. నేనెవర్నీ తప్పు పట్టడం లేదు. మన ఇళ్లల్లో అది ప్రేమతో చేసుకున్న సంబంధం. కానీ తెలిసి ఉండటం మంచిది కదా.

ఇప్పుడు ఆర్‌పీఈ65ని గుర్తు చేసుకోండి, రెటినాల్ రిపేర్ షాపులోది. ఆ జన్యువులో తప్పున్న వాళ్లకి మంచి జన్యువుని కంట్లోకి ఎక్కించే చికిత్సకి 2017లో అమెరికా అనుమతిచ్చింది. పేరు లక్స్‌టర్నా. రెండు కళ్లకీ కలిపి అక్కడ పెట్టిన ధర 8,50,000 డాలర్లు. అదీ ఆ ఒక్క జన్యువుకే, అదీ రెటీనా కణాలు ఇంకా బతికుంటేనే. మా బావది ఆ జన్యువు కాదు.

మరి కణాలు చచ్చిపోయిన వాళ్ల సంగతి? ఇక్కడ కథలోకి చెరువు నాచు వస్తుంది. క్లామిడోమోనాస్ అని పచ్చటి ఏకకణ జీవి. దానికి మెదడు లేదు, కళ్లు లేవు, కానీ వెలుగు వైపు ఈదుతుంది. దానిలో కూడా రెటినాల్ ఉంది! 2002, 2003లో దాని ఆప్సిన్లు ఎలా పనిచేస్తాయో కనిపెట్టారు. వెలుగు తగిలితే సూటిగా తలుపు తెరుచుకుని అయాన్లు లోపలికి వస్తాయి. మనలోలాగా పుకారు పాకక్కర్లేదు, స్విచ్ వేస్తే లైట్ వెలిగినట్టే. సరే, ఆ జన్యువుని బతికున్న వేరే నరాల కణంలో పెడితే? అది కూడా వెలుగుకి స్పందిస్తుంది.

2021లో ఈ పద్ధతి ఫలితం వచ్చింది. ఎన్నో ఏళ్లుగా రెటినైటిస్ పిగ్మెంటోసా ఉన్న 58 ఏళ్ల మనిషికి, ఒక కంట్లో నాచు ఆప్సిన్ జన్యువుని ఎక్కించారు, రాడ్లలో కాదు, ఇంకా బతికున్న గ్యాంగ్లియాన్ కణాల్లో. కెమెరా ఉన్న ప్రత్యేకమైన కళ్లజోడు ఇచ్చి నెలల తరబడి ట్రైనింగ్ ఇచ్చారు. ఆ కళ్లజోడుతో ఆయన టేబుల్ మీదున్న నోట్‌బుక్ ఎక్కడుందో గుర్తుపట్టి చెయ్యి పెట్టాడు. గ్లాసుల్ని లెక్కపెట్టాడు. రోడ్డు మీద జీబ్రా క్రాసింగ్ గీతలు తెలిశాయి. మొహాలు గుర్తుపట్టేంత చూపు రాలేదు, చదివేంత రాలేదు. కానీ ఒక నాచు అణువు మనిషి కంట్లో పనిచేసింది.

ఈ వార్త బావకి చదివి వినిపించాను. "నాకెప్పుడొస్తుంది రా" అన్నాడు. తొందరగా వస్తుందని నేను చెప్పలేను, చెప్పలేదు కూడా. ఆయన ఇప్పుడు ఫోన్‌ని మాటలతోనే వాడతాడు, స్క్రీన్ రీడర్ పెట్టుకుని, నాకంటే ఫాస్ట్‌గా. వికలాంగుల సర్టిఫికెట్ తీసుకున్నాడు, బ్యాంకు పరీక్షలకి ప్రిపేర్ అవుతున్నాడు. ఆయనకి అందరికంటే ఎక్కువ బాధ కలిగించింది చూపు పోవడం కాదట, పదేళ్లు ఎవరూ నమ్మకపోవడం.

కాబట్టి ఈ వీడియో చూసిన మీకు ఒకే ఒక్క రిక్వెస్ట్. మీ ఇంట్లో, మీ హాస్టల్లో, మీ క్లాసులో సాయంత్రమైతే బయటికి రానని మొరాయించేవాళ్లు, పక్కనున్నవి గుద్దుకునేవాళ్లు ఉంటే నవ్వకండి. ఆకుకూరలు పెట్టి ఊరుకోకండి. ఒకసారి రెటీనా చూసే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. విటమిన్ లోపమైతే త్వరగా నయమవుతుంది. కాకపోతే, కనీసం ఆ మనిషి మాట నిజమని ఇంట్లోవాళ్లకి తెలుస్తుంది.

ఈ ఎపిసోడ్ పనికొస్తుందనిపిస్తే మీ ఫ్యామిలీ గ్రూపులో పెట్టండి. డౌట్లుంటే కామెంట్స్‌లో అడగండి, నాకు తెలిసినంతవరకు చెప్తాను. వచ్చేవారం మొక్కలు పగలూ రాత్రీ ఎలా లెక్కపెట్టుకుంటాయో, చామంతి చలికాలంలోనే ఎందుకు విరగబూస్తుందో మాట్లాడుకుందాం. అప్పటిదాకా, బ్రైట్‌నెస్ తగ్గించి, టైంకి పడుకోండి. బై.